మడత ఎక్కడ పడాలి: బొమ్మనహళ్ళి నుంచి పీణ్యకు ఒక ఆదివారం

మా సరళక్క వీపు మీద రెండు చేతులూ ఆనించి, తన బరువంతా వేసి కిందికి నొక్కినవాడు ఆమె పనిచేసే గార్మెంట్ ఫ్యాక్టరీకి శనివారాలు యోగా నేర్పడానికి వచ్చే మాస్టరు. కాళ్ళు చాపి ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో అందరి చేతివేళ్ళూ కాలివేళ్ళను తాకాలట, ఆఫీసు వాళ్ళు ఫోటో తీస్తారట. అక్క వేళ్ళు జానెడు దూరంలో ఆగిపోయాయి. ఆయన నొక్కాడు. కుడి పిరుదు కింద ఏదో తెగినట్టు అయింది. ఫోటో మాత్రం బాగా వచ్చింది. ఆ రోజు నుంచి అక్క మిషన్ ముందు గంటసేపు కూడా కుదురుగా కూర్చోలేకపోతోంది. ఇట్లాగే ఉంటే పని మానేసి మా సొంతూరు కదిరికి వెళ్ళిపోతానంది. నన్ను ఈ ఊరికి తెచ్చి నిలబెట్టింది ఆమె. అడక్కుండా ఒక మనిషి ఒంటి మీద చెయ్యి వేసి, దానికి ఆరోగ్యమని పేరు పెట్టడం అన్యాయం. ఈ మాట పెద్దగొంతుతో చెప్పడానికే రాస్తున్నాను. ఇలా దెబ్బతిన్నవాళ్ళు ఇదే దారిన వెళ్ళదలిస్తే పనికొస్తాయని వివరాలూ ఇస్తున్నాను.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. తొడ వెనక కండ ఎముకకు అతుక్కునే చోట దెబ్బ తగిలిందనీ, నెమ్మదిగా తగ్గుతుందనీ, అప్పటిదాకా సాగదీయొద్దనీ చెప్పాడు. ఎలా కూర్చోవాలో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. నేను పనిచేసేది ప్రింటింగ్ షాపులో. అచ్చుకు వచ్చే ప్రతి కరపత్రాన్నీ చదవడం నా అలవాటు. పనిగంటల హక్కుల దగ్గర్నుంచి ఉపవాస చికిత్స దాకా నాకు తెలిసిందంతా అలా చదివిందే. ఆ వారం పీణ్య నుంచి ఒక యోగా తరగతి కరపత్రం వచ్చింది. మామూలుగా అలాంటివాటి మీద తలకిందులుగా నిలబడ్డ మనిషి బొమ్మ ఉంటుంది. దీని మీద బొమ్మే లేదు. పైన ఒక్క వాక్యం: "ముందు సరిగా నిలబడదాం, వంగడం తర్వాత." ఇక్కడికే వెళ్ళాలని అప్పుడే అనుకున్నాను.

ఆదివారం మెట్రో ఏడింటికి గానీ మొదలవదు. ఇది గుర్తు పెట్టుకోండి, ఆరున్నరకే వెళ్ళి మూసిన షట్టర్ ముందు నిలబడ్డాం మేము. బొమ్మనహళ్ళిలో పసుపు లైను ఎక్కి, ఆర్.వి. రోడ్డులో దిగి ఆకుపచ్చ లైనుకు మారితే తిన్నగా పీణ్య. టికెట్టు ఒకరికి వంద రూపాయల లోపే. పసుపు లైనులో బండికీ బండికీ మధ్య చాలాసేపు చూడాలి కాబట్టి గంటన్నర వేసుకోండి. బండి ఖాళీగా ఉన్నా అక్క కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని, బరువంతా ఎడమ కాలి మీద వేసి నిలబడింది. నేను దారి పొడుగునా ఆ మాస్టరు మీద నోటీసు అచ్చేసి ఫ్యాక్టరీ గేటుకు ఎలా అంటించాలో చెబుతూనే ఉన్నాను.

"గమ్మునుండవే," అంది అక్క. "గేటుకు అంటిస్తే నా నొప్పి ఊడి దానికి అంటుకుంటాదా?"

స్టేషన్ బయట ఆటో అతనికి చిరునామా చూపించాను. "అక్కా, ఆదివారం గదా, షెడ్లన్నీ మూసి ఉండాయి. యాడికి పోవల్ల?" అన్నాడు. యోగా తరగతికని చెప్పాను. "ఓ, నాగరత్నమ్మ కాడికా? ముందే చెప్పొచ్చు గదా. మా ఆడమనిషి గూడా పోతాది. ఇంటికొచ్చి నన్ను గోడకి ఆనిచ్చి నిలబెడతాది, దొంగని నిలబెట్టినట్టు." అరవై రూపాయలు తీసుకుని, మూసి ఉన్న లేత్ షెడ్డు ముందు దింపాడు. పక్కనున్న ఇనుప మెట్లెక్కితే పైన హాలు. కింది నుంచి యంత్రాల నూనె వాసన వస్తూనే ఉంటుంది. గోడ వారగా మడత కుర్చీలు, చెక్క దిమ్మెలు, నూలు బెల్టులు, దుప్పట్లు. తరగతికి మనిషికి నూట యాభై. తొమ్మిదింటికి మొదలు.

నాగరత్నమ్మగారికి అరవై దాటి ఉంటాయి. ఆమె తాతల కాలంలోనే ఆ కుటుంబం హిందూపురం నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడిందట. అక్క సంగతి నేను ఆవేశంగా చెబుతుంటే, ఆమె వింటూనే అక్క పాదాలను చూస్తోంది. చివరికి చెయ్యెత్తి నన్ను ఆపింది. "సరి, అర్థమాయె. కోపం ఉండనీ, అది మంచిదే. నువ్వు గూడా చెప్పులిప్పి నిలబడు." తర్వాత అక్కను అడిగింది. "నేను ముట్టుకోవచ్చునా?"

అక్క నా వైపు చూసింది. ఆ ప్రశ్న ఇంతవరకూ తనను ఎవరూ అడగలేదు. తల ఊపింది.

తాడాసనం అంటే ఊరికే నిలబడటమని మనం అనుకుంటాం. నాగరత్నమ్మగారు దానికే అరగంట తీసుకుంది. మడమ, బొటనవేలి మొదలు, చిటికెన వేలి మొదలు, ఈ మూడు చోట్లా బరువు సమంగా పడాలి. మోకాలి చిప్ప రెండో కాలివేలి వైపు చూడాలి. మోకాలును వెనక్కి బిగబట్టకూడదు. నేను బిగబట్టాను, నాకు చెప్పింది. అక్క దగ్గరకు వచ్చి ఆగింది.

"ఏమ్మా సరళమ్మా, ఆ కుడి మోకాలు ఎవరిని తోస్తా ఉండాది?"

అక్క కిందికి చూసుకుంది. ఎడమ మోకాలు నేరుగా ఉంది, కుడిది పక్కకు తిరిగి ఉంది. సరిచేసుకుంది. చూపు ఎత్తేలోపే అది మళ్ళీ పక్కకు పోయింది. అక్కకు నవ్వొచ్చింది. "మిషన్‌ది మేడమ్. సూది కింద గుడ్డని పట్టుకునే ఇనుప పాదం పైకి లేవాలంటే, బల్ల కింద మీటని కుడి మోకాలితో పక్కకి తోయాల. దినమంతా తోసేదే. మా లైన్లో అందరం ఇట్లనే నిలబడతాం."

"అదీ సంగతి. నిలబడితేనే తుంటి మెలి తిరిగి ఉండాది. అట్లనే కూర్చోబెట్టి నొక్కితే ఎట్లమ్మా?"

తర్వాత ఒక దుప్పటిని మందంగా మడిచి, నొప్పి ఉన్న చోటు దాని మీద పడకుండా జరిపి, అంచున కూర్చోమంది. మోకాళ్ళు బాగా వంచమంది. చేతివేళ్ళను తొడకూ పొట్టకూ మధ్య ఒడిలో పెట్టించింది. "వంగేటప్పుడు ఈ వేళ్ళు నలగాల. నడుములో వంగితే నలగవు. నిదానం, వెన్ను గూనెత్తకుండా రా. తొడ ఎనక లాగితే ఆడికాడికి నిలిపెయ్. నీకు ఇప్పుడు సాగదీసేది వద్దే వద్దు, మడత యాడ పడాలో తెలిస్తే చాలు."

అక్క రెండు అంగుళాలు వంగి ఆగింది. ఊపిరి తీసుకుంది. "నలిగినాయి మేడమ్," అంది. తర్వాత తనలో తను అనుకున్నట్టుగా, "కాలరు మడత తప్పు చోట పడితే ఎంత ఇస్త్రీ చేసినా కూర్చోదు. విప్పి మళ్ళీ కుట్టాల్సిందే" అంది.

"లాగితే చినిగేది గుడ్డ గాదు, కుట్టు," అంది నాగరత్నమ్మగారు. "నీకు పోయింది ఆ కుట్టే. మానడానికి నెలలు పడతాది. బలం తెచ్చే వ్యాయామాలు డాక్టరునడిగి మొదలుపెడదాం. నేను మంత్రం వేసేదేమీ లేదు."

పదిన్నరకు కిందికి దిగాం. మెయిన్ రోడ్డు మీద పళ్ళెమంత వెడల్పు తట్టె ఇడ్లీలు వేసే చిన్న హోటలుంది. యోగాకు పరగడుపునే వెళ్ళాలి కాబట్టి ఆకలి నకనకలాడుతుంటుంది, అక్కడ తినండి, జత అరవై. వడ్డించే ఆయన బల్ల చూపిస్తూ "కూర్చోండమ్మా" అన్నాడు. అక్క సంచిలోని టవలును మడిచి బల్ల అంచున వేసి, ఒకసారి ఒడిలో వేళ్ళు పెట్టి చూసుకుని కూర్చుంది. ఆయన వింతగా చూశాడు. "ఏమ్మా, మా బల్ల అంత మురికిగా ఉండాదా?" "బల్ల బాగుండాదన్నా, కూర్చునేది నాకే ఇప్పుడు తెలిసింది," అంది అక్క. ఇడ్లీలు అయ్యేదాకా లేవలేదు.

ఆ వారమంతా మిషన్ దగ్గర కూడా అలాగే మడత టవలు వేసుకుంది. నొప్పి తగ్గిందని చెప్పను. మధ్యమధ్య లేచి నిలబడుతూ పని నెట్టుకొచ్చింది. శనివారం వచ్చింది. సాయంత్రం అక్క బియ్యం కడుగుతూ, నేను అడక్కుండానే మొదలుపెట్టింది.

"మాస్టరు నా ఎనక్కి వచ్చినాడే. ఆయన వంగకముందే చెప్పినా, 'చెయ్యి పెట్టద్దు సార్' అని."

"ఏమన్నాడు?"

"'ఫోటో ఉండాది గదమ్మా' అన్నాడు. పక్కన మంజుల ఉండాదే, అది 'నాకూ పెట్టద్దు సార్' అనింది. దాని ఎనక ఇంకొకతి. ఆయన వరుస చివరిదాకా పోయినాడు, చేతులు రెండూ ఎనక కట్టుకొని."

"మరి ఫోటో?"

"తీసుకున్నారులే. అందరివీ మోకాళ్ళు వంగి ఉండాయి."

నేను నోటీసు రాసి ఉంచాను, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ మాస్టరు చేసింది తప్పేనని ఈ రోజుకూ అంటాను. కానీ గేటుకు కాగితం అంటించాలని నేను రగిలిపోతున్నప్పుడు, అక్క తన ఒంట్లో గీత ఎక్కడుందో వేళ్ళతో తడిమి తెలుసుకుంది. తెలిసిన గీత కాబట్టే దాన్ని దాటొద్దని చెప్పగలిగింది. ఆసనం సరిగా వేయడమంటే కాలివేళ్ళను అందుకోవడమని చిన్నప్పటి నుంచీ అనుకున్నాను. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఆసనమేనని పీణ్యలో అర్థమైంది. కదిరి మాట అక్క మళ్ళీ ఎత్తలేదు.

ఒక్క సూచన: ఎవరు నేర్పినా, ముందుకు వంగేటప్పుడు ఒడిలో వేళ్ళు పెట్టి చూసుకోండి. నలగకపోతే మోకాళ్ళు వంచండి.

ఫ్యాక్టరీలో ఆ వరుసలోని ఆడవాళ్ళంతా తామూ నేర్చుకుంటామన్నారు. నాగరత్నమ్మగారు ఆ రోజు పీణ్య తరగతిని సాయంత్రానికి మార్చుకుని, మొదటి మెట్రో పట్టుకుని ఇక్కడికే వస్తానంది. మిషన్ మీద కూర్చునే ఎవరైనా సరే, ఏ ఫ్యాక్టరీ వాళ్ళైనా సరే, ఒక దుప్పటి, బెల్టుకు బదులు ఒక పాత చున్నీ తెచ్చుకోండి. వచ్చే ఆదివారం ఉదయం సరిగ్గా తొమ్మిదింటికి, బొమ్మనహళ్ళి మెట్రో మెట్ల కింద కలుద్దాం. అక్కడి నుంచి మా ఇంటి మేడ మీదికి అందరం కలిసి నడుద్దాం. అక్క ముందుంటుంది.