నీళ్ల గోలీల మహారాజు

హనుమకొండలో నేను ఒకే ఒక్కసారి రాజ్యమేలాను. ఆ ఏలుబడి ఒక సాయంత్రం మొదలై, పెట్రోమాక్స్ లైట్లు వెలిగించే వేళకి ముగిసిపోయింది. అందులోనూ సింహాసనం మీద కూర్చున్న సమయం కంటే హాలు వెనక మరుగుదొడ్డి దగ్గర గడిపిన సమయమే ఎక్కువ. హనుమకొండలో ఆ కాలంలో నాటకాలు చూసిన పెద్దవాళ్లు ఎవరైనా కనిపిస్తే అడిగి చూడండి. నా పేరు మర్చిపోయి ఉంటారు గానీ, ఆ రాజుగారిని మాత్రం మర్చిపోరు. మీరూ నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వడానికి నేను బతికే ఉన్నాను కాబట్టి అందరికంటే ముందు నేనే నవ్వుతాను.

డెబ్బైలు ముగిసిపోతున్న రోజులవి. వరంగల్ బజారులో మాకు ఇత్తడి సామాన్ల దుకాణం ఉండేది. బాపు, అంటే మా నాన్న, గల్లా మీద కూర్చునేవాడు, నేను గిరాకీ చూసేవాణ్ణి. చూడడమంటే ఉత్త చూడడమే. పెద్ద బిందె ఒకటి ఎత్తి చూపించానంటే ఇక అరగంట రొప్పు. చిన్నప్పుడు కీళ్ల నొప్పులతో వచ్చిన జ్వరమొకటి, పోతూ పోతూ నా గుండెలో ఒక కవాటాన్ని సన్నం చేసి పోయింది. ముందుకు పోవాల్సిన రక్తానికి దారి ఇరుకవడంతో, వెనక ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి పెరిగిపోయిందని మా డాక్టరమ్మ గారు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆవిడ హనుమకొండలో దవాఖాన పెట్టుకున్న పెద్దావిడ. మాట కరుకు, మనసు మెత్తన.

ఆవిడ నాకు రోజూ పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోమని ఒక నీళ్ల గోలీ రాశారు. నీళ్ల గోలీ అంటే ఒంట్లో అక్కర్లేకుండా చేరిన నీటిని మూత్రంలోకి తోసేసేది. మానొద్దన్నారు. ఒక రోజు మర్చిపోతే మర్నాడు రెండు కలిపి మింగొద్దన్నారు. కూర్చున్న చోటు నుంచి దిగ్గున లేవొద్దన్నారు. ఉప్పు తగ్గించమన్నారు. ఏ ఇబ్బంది వచ్చినా సొంత తెలివి వాడకుండా తన దగ్గరికి రమ్మన్నారు. నేను అన్నిటికీ తలూపాను. తలూపడంలో నన్ను మించినవాడు లేడు. నాటకాల్లో భటుడి వేషాలు వేసీ వేసీ ఆ విద్యలో ఆరితేరి ఉన్నాను.

నాటకాల సంగతి చెప్పలేదు కదూ. హనుమకొండలో ఒక ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసే చారి సార్ మా నాటక బృందానికి పెద్ద. నాటకం రాసేది ఆయనే, నేర్పేది ఆయనే, వేషాలు పంచేది ఆయనే. ఆ ఏడు ఆయన విజయసేనుడనే రాజు కథ ఒకటి సొంతంగా అల్లి, రాజు వేషం నాకిచ్చాడు. దుకాణంలో బిందె ఎత్తలేనివాడికి నెత్తిన కిరీటం పెట్టారన్నమాట. ఆ రోజు నేను ఇంటికి నడవలేదు, ఊరేగుతూ వెళ్లాను. నా జబ్బు సంగతి మాత్రం బృందంలో ఎవరికీ చెప్పలేదు. ఆయాసపడే రాజుని ఎవరు నమ్ముతారు చెప్పండి.

చిక్కల్లా రిహార్సల్స్‌తో వచ్చింది. చారి సార్ ఆఫీసుకు పోయే ముందు, పొద్దున్నే వాళ్లింట్లో పెట్టేవాడు. సరిగ్గా నా నీళ్ల గోలీ కొలువు తీరే వేళ. నేను ఒక పద్యం పాడడం, పెరట్లోకి పరుగెత్తడం, ఇంకో పద్యం పాడడం, మళ్లీ పెరట్లోకి. చారి సార్ చేతిలోని కాగితాలు కింద పెట్టి నేను వచ్చేదాకా గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఒక రోజు మాత్రం ఓపిక చచ్చిపోయింది.

"సాంబయ్యా, యుద్ధానికి పోయేటోడు గిన్నిసార్లు పెరట్లకు పోతే శత్రువు కోట పట్టుకపోతడయ్యా. నీతోని కాకుంటే చెప్పు, వేషం మొగిలికిస్త."

మొగిలి నా చిన్ననాటి దోస్తు. నాటకంలో మంత్రి. రాజు వేషం వాడి చేతికి పోవడమా? ఆ మాటతో నా బుర్ర వెలిగింది. ఆ వెలుగులో నాకు కనబడ్డ దారి ఏమిటంటే, నాటకం అయ్యేదాకా గోలీలు మానేయడం.

ఇంట్లో కమలను దాటడం సులువు కాదు. నా భార్య రోజూ గోలీని నా చేతిలో పెట్టి, నీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడేది. నేను మహానటుణ్ణి కదా. గోలీ నోట్లో వేసుకున్నట్టు చెయ్యి ఎత్తేవాణ్ణి, తల వెనక్కి వాల్చేవాణ్ణి, గుటక వేసేవాణ్ణి. గోలీ మాత్రం గుప్పిట్లోంచి చొక్కా జేబులోకి జారేది. దుకాణానికి పోయాక దాన్ని పైఅరలో ఉన్న కుంకుమ భరిణెలో వేసేవాణ్ణి.

మొదట్లో బ్రహ్మాండంగా ఉంది. పెరటి పరుగులు లేవు, చారి సార్ గోడకేసి చూడడాలు లేవు. డాక్టర్లు ఉట్టిపుణ్యానికి జనాన్ని బెదరగొడతారని మొగిలికి ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఎవరి గురించి చెబుతున్నానో వాడికి తెలియదనుకోండి. ఆ తర్వాత నా పాదాలు పూరీల్లా పొంగడం మొదలుపెట్టాయి. చెప్పులు పట్టలేదు. వెల్లకిలా పడుకుంటే దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. అన్నిటికంటే ఘోరం, పద్యం చివర రాగం తీస్తుంటే ఊపిరి తెగిపోయేది. కమల కాళ్లు చూసి కంగారుపడింది. డాక్టరమ్మ దగ్గరికి పోదామంది. దుకాణంలో కాళ్లు వేలాడేసి కూర్చోవడం వల్ల అని నేను ధైర్యం చెప్పాను. ధైర్యం చెప్పడంలో కూడా నేను తక్కువవాణ్ణి కాదు.

నాటకం రోజు వచ్చింది. హనుమకొండలో ఒక కాలేజీ హాలు. ముందు వరసలో కమల, ఆమె పక్కన డాక్టరమ్మ గారు. ఆవిడకు పాసు నేనే స్వయంగా ఇచ్చి వచ్చాను. నన్ను రాజుగా చూసి ఆవిడ ముక్కున వేలేసుకోవాలని నా కోరిక. వేసుకున్నారు లెండి, కాకపోతే వేరే కారణానికి.

తెర వెనక మేకప్ వేయించుకుంటుంటే నాకు కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వేయడానికే ఆయాసం వచ్చింది. ఇట్లా రాగం తీస్తే పరువు పోతుంది. అప్పుడు నా తెలివి మరోసారి వెలిగింది. ధర్మసాగర్ చెరువు నిండిపోయిందనుకోండి, ఒక్క తూము తెరిస్తే ఎప్పటికి ఖాళీ అవుతుంది? అన్ని తూములూ ఒకేసారి ఎత్తాలి. నేను దుకాణం నుంచి వస్తూ వస్తూ భరిణెను సంచిలో వేసుకొచ్చాను. అందులో నాలుగో అయిదో గోలీలున్నాయి. అన్నీ అరచేతిలో పోసుకుని ఒక్క గుక్కలో మింగేశాను. ఈసారి నటన లేదు, నిజంగానే మింగాను.

మొదటి రంగంలో నేను అదరగొట్టాను. చప్పట్లు పడ్డాయి. రెండో రంగం రాజసభ. నేను సింహాసనం మీద, మొగిలి పక్కన, ఎదుట శత్రురాజు పంపిన రాయబారి. రాయబారి వేషం చారి సార్‌దే. ఆయన తన సందేశం మొదలుపెట్టాడో లేదో, నా తూములన్నీ ఒక్కసారి లేచాయి.

కాసేపు ఓర్చుకున్నాను. కాలు మీద కాలు వేశాను, తీశాను, మళ్లీ వేశాను. ఇక లాభం లేదని మొగిలి వైపు వంగి ఇప్పుడే వస్తానని చెప్పి, కిరీటంతో సహా స్టేజీ పక్క తెరల చాటుకు మాయమయ్యాను. హాలు వెనక సైకిల్ స్టాండు దాటితే మరుగుదొడ్డి. దారిలో కత్తి కాళ్లకు అడ్డం పడుతోంది. మేకప్ ఆయన నడుంపట్టీని ముడి మీద ముడి వేసి బిగించాడు, దాని కింద పైజామా నాడా. ఆ ముడులు విప్పడంలో నేను పడ్డ పాట్లు ఏ యుద్ధంలోనూ ఏ రాజూ పడి ఉండడు.

లోపల మొగిలి సభను నిలబెట్టడానికి తంటాలు పడుతున్నాడు. ప్రభువులు వేగులవారితో మంతనాలాడ వెళ్లారని గంభీరంగా ప్రకటించాడట. నేను తిరిగొచ్చి కూర్చుని చెమట తుడుచుకునే లోపు మళ్లీ పిలుపు వచ్చింది. మళ్లీ మంతనాలకే వెళ్లారని మొగిలి ప్రకటించాడు. మూడోసారి లేచేసరికి వెనక వరసలో ఎవరో, రాజుగారి మంతనాలు మస్తు జోరుగున్నయని గట్టిగానే అన్నారు. హాలంతా గొల్లుమంది.

చారి సార్‌కు తను రాసిన మాటలు అయిపోయాయి. ఖాళీ సింహాసనాన్ని చూస్తూ అప్పటికప్పుడు కొత్తవి పుట్టించాడు. "దూతను నిలబెట్టి మాటిమాటికి మాయమగుట ఈ రాజ్యమున మర్యాద కాబోలు" అన్నాడు. ఆయన గొంతులో అంత సహజమైన కోపం ఏ రిహార్సల్‌లోనూ నేను వినలేదు.

నేను వచ్చి కూలబడగానే మొగిలి పెదవులు కదపకుండా గుసగుసలాడాడు.

"ఏం తాగినవ్‌రా?"

"గ్లాసెడు నీళ్లే."

"గ్లాసెడు నీళ్లకు గిట్లయితదా? చెరువు తాగినట్టున్నవ్."

జవాబు చెప్పే వ్యవధి లేదు. నేను పద్యం ఎత్తుకోవలసిన ఘట్టం వచ్చేసింది. రాజు ఆగ్రహంతో సింహాసనం మీంచి చివాలున లేవాలి. నేను చివాలున లేచాను. గొంతెత్తాను. నిజం చెప్పాలంటే నా జన్మలో అంత రాగం నేనెప్పుడూ తీయలేదు. హార్మోనియం ఆయన ఆశ్చర్యంగా నా వైపు చూడడం కనిపించింది. ఆ తర్వాత హార్మోనియం కనిపించలేదు. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నట్టయింది. కిరీటం ఒకవైపు దొర్లింది, నేను ఇంకోవైపు దొర్లాను.

హాలు దద్దరిల్లిపోయింది. ఈలలు, చప్పట్లు. "వన్స్ మోర్, వన్స్ మోర్" అని అరుపులు. మూర్ఛకి వన్స్ మోర్ కొట్టించుకున్న నటుణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

నాకు తెలివి వచ్చేసరికి డాక్టరమ్మ గారు స్టేజీ మీద నా పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. ముందు వరసలోంచి ఆవిడ లేచి మెట్లెక్కుతుంటే జనం కొత్త పాత్ర వస్తోందనుకున్నారు. చారి సార్ కూడా అదే మేలనుకుని, రాజవైద్యులు వేంచేశారని ప్రకటించేశాడు. ఆవిడ అవేవీ పట్టించుకోకుండా నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, నా కాళ్లు రెండూ ఎత్తి సింహాసనం మీద పెట్టించారు. రాజు నేల మీద, పాదాలు సింహాసనం మీద. పైన వేలాడుతున్న మైకు మా మాటలన్నీ హాలుకు పంచిపెట్టింది.

"ఏం మింగినవ్ సాంబయ్యా?"

నాకు ఇంకా విజయసేనుడు వదల్లేదు. "నీళ్ల గోలీలు, దేవీ" అన్నాను.

"ఎన్ని?"

"మానివేసిన దినములవన్నియు."

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నా మణికట్టు మీద ఆవిడ వేళ్లు కదలకుండా ఉన్నాయి. అప్పుడు స్టేజీ అంచున కమల కనిపించింది. ఎప్పుడొచ్చిందో తెలియదు. నన్నే చూస్తోంది.

"రోజూ నా చేతులకెల్లే తీసుకుంటిరి గద" అంది మెల్లగా.

మైకు ఆ మాటను కూడా మోసుకుపోయింది. ఈసారి హాల్లో ఎవరూ నవ్వలేదు. మొగిలి పరుగెత్తి తెర దించేశాడు.

ఆ రాత్రి దవాఖానలో ఉంచారు. రక్త పరీక్షలు చేశారు, సూదులు పొడిచారు. తెల్లవారాక డాక్టరమ్మ గారు మంచం పక్కన కూర్చుని, కసరకుండా, అరవకుండా చెప్పారు. ఆ మెత్తని మాటకే నాకు ఎక్కువ భయమేసింది. గోలీ మానేస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి ఎక్కి ఊపిరాడదట. అన్నీ ఒక్కసారి మింగితే నీళ్లతో పాటు ఒంట్లో లవణాలు కొట్టుకుపోయి గుండె దారి తప్పుతుందట. నేను ఒక్క వారంలో రెండు ప్రమాదాలనూ ఇంటికి పిలుచుకొచ్చాను.

"పొద్దుగాల రిహార్సల్ ఉందని ఒక్క మాట చెప్తే, అది అయినంక మింగుమని చెప్తుంటి గద. గోలీ వేళ మార్చుడు నాకు పెద్ద పనా?" అన్నారు చివర్లో.

రాజ్యం కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నాననుకుంటున్న నాకు, ఆ సమస్యకు ఒక్క మాట సరిపోయేదని అప్పుడు తెలిసింది.

కమల ఆ రోజంతా నా మంచం దగ్గరే ఉంది. జావ తాగించింది, మొహం తుడిచింది. సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు అంది. "రాజు వేషం వేస్తే వేయుండ్రి. నా ముందట వేషాలు వెయ్యకుండ్రి." దీనికి మించిన సంభాషణ చారి సార్ తన జన్మలో రాయలేదు.

చారి సార్ సంత్రా పండ్లతో పరామర్శకు వచ్చాడు. ఆయనకూ మొగిలికీ జబ్బు సంగతంతా చెప్పేశాను. ముందే ఎందుకు చెప్పలేదని ఇద్దరూ తిట్టారు. రిహార్సల్స్ సాయంత్రానికి మార్చేశారు. వేషం పోలేదు. అది పోతుందని నేను పడ్డ భయమంతా దండగ. పోయే ముందు చారి సార్ గొంతు తగ్గించి, ములుగు వాళ్లు నాటకం అడుగుతున్నారనీ, డాక్టరమ్మ గారు కూడా వస్తారేమో కనుక్కోమనీ అన్నాడు. కనుక్కున్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

ఆ తర్వాత హైదరాబాదులో ఆపరేషన్ చేసి నా కవాటం దారి వెడల్పు చేశారు. ఆవిడ సరేనన్నాకే, ఆవిడ చెప్పిన వేళకు గోలీ వేసుకునే, మేం ములుగు వెళ్లాం. ఆ మూర్ఛకు వచ్చిన పేరు వదులుకోలేక చారి సార్ దాన్ని నాటకంలో కలిపేశాడు. కాబట్టి ఈసారి నేను నిక్షేపంగా ఉండి, పూర్తిగా నటించి పడిపోవాలి. అద్దం ముందు సాధన చేశాను. ఎటు ఒరగాలో, కిరీటం ఎటు దొర్లాలో అన్నీ నేర్చుకున్నాను. ఆ సాయంత్రం ములుగులో రాగం ఘనంగా తీసి, కళ్లు తేలేసి, నా విద్యంతా చూపించి పడ్డాను.

చప్పట్లు లేవు. ఈల లేదు. కాసేపటికి జనంలోంచి ఒక ముసలాయన గొంతు విసుగ్గా వినిపించింది.

"లేవయ్యా, మస్తు సేపాయె పడి. నిజంగ పడ్డోడు గట్ల పడతడా?"

తిరుగు ప్రయాణంలో, జీపులో, కమల ఎదుట, మొగిలి వింటుండగా, విజయసేన మహారాజునైన నేను సకల ప్రజలకూ తెలియునట్లు శపథం చేశాను. డాక్టరు రాసిన గోలీ రాసినంతే, చెప్పిన వేళకే. ఒకటి దాచను, ఒకటి కలపను, ఇబ్బంది వస్తే నా తెలివికి పని చెప్పక డాక్టరుకే చెబుతాను. ఇక సభల్లో మూర్ఛపోవడమంటారా, దానికి కావలసిన ప్రతిభ నాలో లేదని ములుగు ప్రజలు తేల్చేశారు గనక, ఆ కళను ఈ జన్మకు ఇతరులకు వదిలేశాను.