చిన్నత్త చేసిన పరీక్ష

నా చిన్నప్పుడు మా ఇంట్లో పుట్టిన తెల్ల కుక్కపిల్లకు చెవుడని మా అన్నే కనిపెట్టాడని మా వాళ్ళు ఇప్పటికీ ప్రతి పెళ్ళిలోనూ చెబుతుంటారు. పదేళ్ళకే ఎంత బుర్ర అని ముక్తాయింపు కూడాను. నేను అక్కడుంటే ఆ కథ సాగనివ్వను. అన్న చేసిందల్లా కంచం మోగించడం. మోగించమన్నది మా చిన్నత్త.

చిన్నత్త అంటే మా నాయన చెల్లెలు. అవి యాభైల చివరి రోజులు. తమిళనాట రాజపాళయంలో మా వీధి మొత్తానికి ఎస్సెల్సీ ముగించిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. ముగించి ఇంట్లో కూర్చుంది. మదురై కాలేజీలో సైన్సు చదవాలని ఆశ. తోటి పిల్లలందరికీ పెళ్ళిళ్ళయిపోయాయి. చదివిన సంగతులు చెప్పుకోవడానికి ఎనిమిదేళ్ళ నేను తప్ప ఆమెకు ఎవరూ లేరు. నాకు సగం అర్థమయ్యేది కాదు. అయినా వినేదాన్ని.

మా తాతయ్య వేటకుక్కలను పెంచేవాడు. కుక్కపిల్లలను కొనడానికి పక్కనున్న సేత్తూరు నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఆ ఏడు పుట్టిన వాటిలో ఒకటి, పిలిస్తే తిరిగి చూసేది కాదు. దానికి పొగరన్నాడు తాతయ్య.

"చెవుడేమో నాయనా," అంది చిన్నత్త.

"ఆమా, చెవుడు," అని వెటకారంగా తలూపాడు తాతయ్య. "చెవుడైతే తిండికి కంచం మోగితే ఎట్ల వస్తాది? అన్నిటితో పాటే ఉరికి వస్తాదే."

చిన్నత్త అక్కడితో ఊరుకోలేదు. మరునాడు తక్కిన పిల్లలన్నిటినీ కొట్టంలో పెట్టి తలుపు వేసింది. ఆ ఒక్కదాన్నే పెరట్లో ఉంచి నన్ను పక్కన కూర్చోబెట్టింది. గోడ అవతల నిలబడి కంచం మోగించమని అన్నకు చెప్పింది. మోత వినగానే కొట్టంలోని పిల్లలు తలుపు గీకి గోల చేశాయి. నా పక్కనున్నది మాత్రం చీమల బారును చూస్తూ ఉండిపోయింది. ఒకసారి చూసి నమ్మకూడదని చిన్నత్త మళ్ళీ మళ్ళీ మోగించమంది.

"చూసినావామ్మే? ఇన్నాళ్ళూ ఇది మోత విని రాలేదు. పక్కవాటిని చూసి ఉరికింది," అంది.

అన్న కంచంతో సహా పరుగెత్తి తాతయ్యను పిలుచుకొచ్చాడు. తాతయ్య చూసి, అన్న వీపు తట్టి, "వీడ్ని డాక్టరుకు చదివించల్ల," అన్నాడు. "అత్త చెప్తేనే వాడు కొట్టినాడు," అన్నాను నేను. చిన్నత్త అదే అదననుకుంది.

"ఆమా నాయనా, నేనే చేయించినాను. నన్ను మదురైకి పంపు, చదువుతాను."

తాతయ్య నవ్వాడు. కోపంగా కాదు, ముద్దుగానే. "కుక్కకు చెవుడని కనుక్కునేదానికి కాలేజీ ఎందుకమ్మా? ఇంట్లో ఉండే కనుక్కుంటివి గదా."

పని ఒక్కటే. అన్న చేశాడనుకుంటే చదివించడానికి కారణం, చిన్నత్త చేసిందని తెలిస్తే చదివించకపోవడానికి కారణం. కాదనేవాళ్ళుంటే నాతో వాదనకు రండి. అన్న డాక్టరు కాలేదు, నూలు మిల్లులో కూర్చున్నాడు, అది వేరే సంగతి.

మరు వేసవికి చిన్నత్త సత్రపట్టిలో ఒకరింటి కోడలయింది. కొనేవాళ్ళు లేక ఆ చెవిటి కుక్కపిల్ల మా ఇంట్లోనే మిగిలింది. బడి లేని మధ్యాహ్నాలు పెరట్లో మేమిద్దరమే. నా మాటలు దానికి వినపడవని తెలిసీ చెప్పుకునేదాన్ని.

ఏళ్ళ తరబడి పోట్లాడి, అరవైల చివర్లో మదురై వెళ్ళి జంతుశాస్త్రం చదివాను. ల్యాబులో నేనొక్కతే ఆడపిల్లను. ముందువాడు ఏం రాస్తే వరసంతా అదే రాసేవాళ్ళు. నా బల్ల దగ్గర నా కంటికి కనిపించిందే నేను రాసేదాన్ని. పదిమంది ఒకే మాట అంటుంటే, నిజంగా విన్నదెవరు, పక్కవాణ్ణి చూసి ఉరికిందెవరు అని విడదీసి చూసే గుణం ఈనాటికీ పోలేదు. దానివల్ల నాకు స్నేహితులు తక్కువ. అయినా వదులుకోను, చిన్నత్త ఇచ్చింది గనక.

ఒక్కటి మాత్రం తేల్చుకోలేకపోయాను. తాతయ్య నవ్వినప్పుడు మా అవ్వ పెరటి గుమ్మంలోనే కూర్చుని చింతపండు ఒలుస్తోంది. తాతయ్య మాట మార్చగలిగింది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. ఏ పిల్లను ఎవరికివ్వాలో కూడా ఆమే చెప్పేది. కూతురు అడిగింది ఆమె విన్నది. చేతులు ఆపి ఒకసారి చూసింది కూడా. తర్వాత మళ్ళీ తల వంచుకుంది. ఎందుకని ఆమె పోయేదాకా అడుగుతూనే ఉన్నాను, వేరే మాట ఎత్తేది. పంపించు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట మా అవ్వ నోట రాకుండా ఆపిందేమిటి?