ఎర్ర లేను మీద పచ్చజెండా

ఆ రోజుల్లో, అంటే చదువు అప్పుడే పూర్తయి సర్టిఫికెట్ల ప్లాస్టిక్ కవరు ఇంకా నిగనిగలాడుతున్న రోజుల్లో, నాకు మన జనం మీద ఎంత నమ్మకమో! రోడ్డు మీద తెల్లగీత ఒకటి గీస్తే చాలు, లారీలు ఒక పక్కన, కార్లు ఇంకో పక్కన బుద్ధిగా పోతాయనుకునేదాన్ని. ఆ అమాయకత్వానికి తగిన ఉద్యోగమే దొరికింది. హైవే మీద లారీలకు విడిగా ఒక లేను ఇవ్వడం సాధ్యమా కాదా అని తేల్చే కన్సల్టెన్సీలో, కాంట్రాక్టు మీద, జూనియర్ ఇంజనీరుని. (సాధ్యమేనని పైవాళ్లు ముందే తేల్చేశారు. ఎందుకు సాధ్యమో కనిపెట్టడమే మా పని.) మా పై అధికారి నోరు తెరిస్తే ఫీజిబిలిటీ అనేవారు. టీ ఎలా ఉంది సార్ అని అడిగినా "ఫీజిబులే" అనేవారు. అంచేత మాలో మాకు ఆయన ఫీజిబిలిటీ గారు.

రోడ్డు మీద ఒక లేను విడగొట్టి చూసే ప్రయోగం సక్సెస్ అయితే నన్ను పర్మనెంటు చేస్తామన్నారు. ఇంకేముంది, మా అమ్మ గుంటూరులో మా వీధి వీధంతా చాటేసింది. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు జ్వరాలతో ఉన్నవాళ్ల కోసం, పెళ్లి కావలసినవాళ్ల కోసం, వరసలో తర్వాత నా పర్మనెంటు కోసం ప్రార్థన చేయించారు. సంఘం సంఘమంతా ఆమెన్ అన్నాక ఉద్యోగం నిలబెట్టుకోకపోతే మొహం ఎక్కడ పెట్టుకోను?

ఒంగోలుకు కొంచెం ఇవతల, గుంటూరు వైపు పోయే రోడ్డులో ఎడమ చివరి లేనుకు వరసగా కోన్లు పెట్టి, 'లారీలకు మాత్రమే' అని ఇంత బోర్డు కట్టించాం. నాకో మెరిసే జాకెట్టు, ఒక పచ్చజెండా ఇచ్చి లేను మొదట్లో నిలబెట్టారు. నేను జెండా ఊపడం, లారీలు నన్ను చూసి హారన్ కొట్టి హాయిగా నడి లేనులో వెళ్లిపోవడం. ఒక్కటంటే ఒక్కటి లోపలికి రాదే! చివరికి టీ కొట్టు దగ్గర ఒక డ్రైవర్ని పట్టుకుని అడిగాను. "ఎడం పక్కనా? బావుందమ్మా! రాంగ్ రూట్లో మోటారు సైకిళ్లు, అడ్డంగా గేదెలు, అడుక్కో ఆటో. మాకు నడి లైనే నయం" అన్నాడు. ఈ మాట రిపోర్టులో రాస్తానంటే ఫీజిబిలిటీ గారు "డ్రైవర్లకు అవగాహన లోపం అని రాయమ్మా" అన్నారు.

అలా నున్నటి తారురోడ్డు, చుట్టూ కాపలాగా కోన్లు, నెత్తిన మండే ఎండ, ఒక్క బండీ రాదు. మిరప కోతల కాలంలో మా వైపు జనానికి ఇంతకంటే ఏం కావాలి? ఒకరోజు పొద్దున నేను వెళ్లేసరికి లేను పొడుగునా టార్పాలిన్ పట్టాలు పరిచి, పండు మిరపకాయలు ఆరబోసేశారు. కనుచూపు మేర ఎరుపే! నడుముకు కొంగు బిగించి ఒక పెద్దమ్మ కర్రతో తీరిగ్గా కాయలు తిరగేస్తోంది. "ఇది లారీల లేను పెద్దమ్మా" అన్నాను, ఉన్న అధికారమంతా గొంతులోకి తెచ్చుకుని.

"ఏ లారీ వచ్చిందమ్మాయ్ దీన్లోకి?" అంది ఆవిడ. "గవర్నమెంటోళ్లు మా కోసమే ఈ డబ్బాలు అడ్డం పెట్టించారని ఊరంతా సంతోషపడతన్నారు. నువ్వు అట్టా నీడకొచ్చి కూచో, నల్లబడిపోతన్నావ్."

ఇంకో రెండెండలు పడితే ఎత్తేస్తామంది. సరేనన్నాను. ఆ రెండెండలూ పూర్తిగా పడకముందే, చెప్పాపెట్టకుండా ఢిల్లీ నుంచి తనిఖీకి పెద్దాయన దిగాడు. పెద్ద నల్ల కారు, బిగించిన అద్దాలు. పక్కన మా ఫీజిబిలిటీ గారు. లేను చూసి ఆయన ప్రాణం పైకే పోయి ఉంటుంది. అయినా ఆయన బతుకంతా మాటల మీదే కదా. ఆ ఎరుపేమిటని పెద్దాయన అడిగితే, "విదేశాల్లోలాగా కలర్ లేను సార్, లారీల కోసం ప్రత్యేకంగా" అన్నారట! పెద్దాయన మురిసిపోయి, "శభాష్! ఏదీ, ఒక లారీని పోనివ్వండి, చూద్దాం" అన్నాడట. (ఇదంతా తర్వాత కారు డ్రైవరు చెప్పి పడీపడీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.)

ఫీజిబిలిటీ గారు కారు దిగి పరుగెత్తుకుంటూ వచ్చారు. "ఆ వచ్చే లారీని లోపలికి పంపించు. ఒక్కటి చాలు."

"సార్, కాయలున్నాయి సార్!"

"నీ పర్మనెంటు కూడా అక్కడే ఉందమ్మా" అన్నారు, మెల్లగా.

ఫీజిబిలిటీ గారు రెండు చేతులూ ఊపేసరికి లారీ దగ్గరికొచ్చి ఆగింది. దాన్నిండా మిరప టిక్కీలే (బస్తాలన్నమాట), గుంటూరు మిర్చి యార్డుకు పోతున్నాయి. డ్రైవరు తల బయటపెట్టి, "ఎటు పొమ్మంటావమ్మా? కాయల మీద్నించా? నీకేవన్నా పిచ్చా?" అన్నాడు. పెద్దమ్మ కర్ర కింద పడేసి పట్టాకు అడ్డంగా నిలబడింది. అరవలేదు, తిట్టలేదు. "ఏడాది కష్టవమ్మాయ్" అంది, అంతే. అమ్మ మొహం, పాస్టరు గారి గొంతు, సంఘం ఆమెన్, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే జెండా కుడి వైపుకి ఊపాను. లారీ కుడికే పోయింది.

ఏమైందో అర్థంకాక పెద్దాయన కారు అద్దం దించాడు. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. ఎండిన కాయల ఘాటు నేరుగా ఏసీ కార్లోకి పోయింది. ఇక చూడండి, పెద్దాయన తుమ్ములు, ఆయన పీయే తుమ్ములు, సర్దిచెప్పబోయిన ఫీజిబిలిటీ గారి తుమ్ములు! తనిఖీ ఆ తుమ్ములతోనే ముగిసింది. నా కాంట్రాక్టు కూడా ఆ నెలతోనే ముగిసింది. రిపోర్టు మాత్రం దివ్యంగా వచ్చింది. లారీల లేను సాధ్యమే, రంగు విషయంలో మరింత అధ్యయనం అవసరం అని రాశారట.

ఇంటికెళ్లి చెబితే అమ్మ ముందు నా కంచం కడిగి పెట్టింది. తర్వాత "మంచి పనే చేశావులే. కాయలు తొక్కిస్తే దేవుడు ఊరుకుంటాడా?" అంది. అన్నం పెడుతూ, "అయినా ఆ జెండా కాస్త ఆలస్యంగా ఊపాల్సింది. ఈలోగా ఆ ఢిల్లీ ఆయనే తుమ్మేవాడు కదా" అని కూడా అంది.

ఇప్పుడు నేను మంగళగిరిలో మరో కంపెనీలో, చల్లటి గదిలో, పర్మనెంటుగా కూర్చుని రోడ్లు గీస్తుంటాను. నా కంప్యూటరులో లారీలన్నీ ఎడం పక్కనే పోతాయి, ఒక్కటీ ఎదురు చెప్పదు. ఇవాళ అలాంటి లారీ ఒకటి వచ్చి ఎటు పొమ్మంటావని అడిగితే, ముందు పై వాళ్లకు మెయిలు పెడతాను, ఆ తర్వాత మీటింగు పెడతాను. ఈలోగా కాయలు నలిగే పోతాయి. అందుకే, రోడ్డు మీద ముక్కు చీదుకుంటూ జెండా ఊపేసిన ఆ తెలివితక్కువ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. కాస్త అసూయగా కూడా ఉంటుంది.