చెవుల మేస్త్రి, ఒక వంకర బ్రేకు

సైకిళ్లు బాగుచేసే చెవుల మేస్త్రికి లోకంలో పడనిది ఒక్కటే: సైకిలు బ్రేకు గీసుకునే చప్పుడు. ఆకలికి ఓర్చుకుంటాడు, ఎండకు ఓర్చుకుంటాడు, బావమరిది జోకులకు కూడా ఓర్చుకుంటాడు. వీధి చివర ఎవరి సైకిలైనా "స్స్... స్స్..." అందంటే మాత్రం, అన్నంలో రాయి తగిలినట్టు ముఖం పెట్టి, చేతిలో పని వదిలేసి పరిగెడతాడు.

ఆ చెవులతో ఇరవై రెండేళ్లుగా కాపురం చేస్తున్న మనిషి కత్తెరమ్మ. దర్జీ దుకాణంలో గుడ్డ కత్తిరించడం ఆవిడ పని. పాపం, ఆవిడ అలసిపోయిందంటే అలసిపోదూ! ఒకసారి ఇద్దరూ చెల్లెలి ఇంటికి బయల్దేరితే, పక్కన పోతున్న పోస్టుమేన్ సైకిలు గీసుకుంటోందని ఈయన బస్సులోంచి దిగిపోయాడు. ఆవిడ సంచులతో సహా ముందుకు పోయింది.

"మీరేరని వాళ్లడిగితే నేనేం చెప్పాలండీ?"

"బ్రేకు సరిచేస్తున్నానని చెప్పాల్సింది."

"నన్ను చెప్పనిస్తేగా! గుమ్మంలో చూడగానే వాళ్లే చెప్పేశారు."

ఇలా ఉండగా, మూడు నెలల కిందట కత్తెరమ్మ మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక చూస్తే చేతిలో పట్టు లేదు. కత్తెర సంగతి దేవుడెరుగు, చెంచా కూడా నిలవడం లేదు. దుకాణం యజమానురాలు మంచిదే గానీ మొహమాటం లేని మనిషి. "వచ్చే నెలాఖరు దాకా చూస్తాను. ఆ మర్నాడు ఒకటో తారీకున వచ్చి నాలుగు మడతల మందపాటి గుడ్డ కత్తిరించు. కాకపోతే నీ బల్ల ఇంకొకరికి ఇవ్వక తప్పదు," అంది. పందొమ్మిదేళ్లుగా నిలబడిన బల్ల అది.

డాక్టరమ్మ ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ నొక్కమని చీటీ రాసింది. కత్తెరమ్మ రెండు రోజులు నొక్కి, మూడో రోజు దాన్ని అటక మీదికి విసిరేసింది.

"ఈ వయసులో బంతాటలా! నా చెయ్యి పోయింది, అంతే. ఇంక నన్నెవరూ విసిగించకండి."

మేస్త్రి ఆ చీటీ అడిగి తీసుకున్నాడు. బ్రేకు వెనక తెల్లకాగితం పెడితే సందు బాగా కనిపిస్తుందట!

మర్నాటి నుంచి మొదలైంది గోల.

"ఇదిగో, ఒక్కసారి రా! మళ్లీ గీసుకుంటోంది వెధవది!"

ముందుగదే ఆయన షాపు. స్టాండు మీద ఎవరిదో సైకిలు. చక్రంతో పాటు తిరిగే పల్చటి ఇనప పళ్లెం డిస్కు. దాన్ని రెండు పక్కలా పట్టి ఆపే దవడ కాలిపర్. దవడ పక్కకి ఒరిగితే గీసుకుంటుంది. నడిమికి రావాలంటే దాని బోల్టులు రెండూ వదులు చేసి, హ్యాండిలు మీది బ్రేకు లీవరు నొక్కిపట్టి, అలా ఉండగానే బిగించాలి.

"నొక్కు."

"ఈ చేత్తోనా? ఇన్నేళ్లూ లీవరుకి రబ్బరు బ్యాండు చుట్టి నెట్టుకొచ్చారుగా!"

"దానికి బుద్ధి లేదు."

"నాకుందనా?"

"ఉంది కాబట్టే పిలిచాను. వదిలావా?"

"వదల్లేదు."

"వదిలావు, నా చెవికి తెలుస్తుంది. ఇంకొక్కసారి."

రోజుకు పది సైకిళ్లు. సైకిలుకు ఇరవై "ఇంకొక్కసారి"లు. సాయంత్రానికి ఆవిడకి చెయ్యి లాగేది, ఒళ్లు మండేది.

"అక్కా, బావగారికి చాదస్తం ముదిరిందే," అంది చెల్లెలు ఫోనులో.

"ముదరడమేమిటే, పండి రాలుతోంది. ఏరుకోలేక చస్తున్నాను."

ఒకటో తారీకు రెండు రోజుల్లోకి వచ్చింది. ఆ పొద్దున టీ పట్టుకొచ్చిన కత్తెరమ్మ షాపు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నిన్న సాయంత్రం చెయ్యి పడిపోయేలా నొక్కి సరిచేసిన సైకిలే స్టాండు మీద ఉంది. మేస్త్రి చక్రం తిప్పాడు. చప్పుడే లేదు. హాయిగా నవ్వుకున్నాడు. నవ్వుకుని, పానా తీసి, బోల్టులు వదులు చేసి, దవడని వేలితో పక్కకి నెట్టాడు.

"స్స్... స్స్..."

ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగించి ఆ చప్పుడు భరించాడు. బల్ల మీద డాక్టరమ్మ చీటీ ఉంది. అందులో "రోజుకు రెండు వందల సార్లు" అన్న మాట చుట్టూ గ్రీజు వేలితో గీసిన సున్నా.

ఆవిడ వెనక్కి వంటింట్లోకి నడిచింది. కోపం రావాలి. రాలేదు. ఈ మహానుభావుడు ఇన్నాళ్లూ రోజూ తన చెవులకు తనే శిక్ష వేసుకున్నాడా అనుకుంటే నవ్వొచ్చింది.

"ఇదిగో, ఒక్కసారి రా! మళ్లీ మొదలైంది!"

"వస్తున్నానండీ, వస్తున్నాను! ఏం బ్రేకులో, ఏం గోలో!" అంటూ వెళ్లి నొక్కింది. లీవరు హ్యాండిలుకి ఆనుకుంది. ఆయన అటు తిరిగి, ముక్కు తుడుచుకున్నాడు.

ఒకటో తారీకున నాలుగు మడతలూ తెగాయి. చివర్లో అంచు కాస్త వంకరపోయింది. యజమానురాలు చూసీ చూడనట్టు ఊరుకుని, "రేపు తొమ్మిదికల్లా వచ్చెయ్," అంది.

మర్నాడు కత్తెరమ్మ పనికి బయల్దేరుతూ షాపులోకి తొంగి చూసింది. లీవరుకి రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. ఆవిడ దాన్ని లాగి, తన జుట్టుకి పెట్టుకుని, బ్రేకు పట్టుకుంది.

"అదేంటి? ఇది బాగానే ఉందిగా! చప్పుడేం లేదే!"

"గీసుకుంటోంది. నాకు వినిపిస్తోంది. బిగించండి."

మేస్త్రి ఆవిడ ముఖంలోకి చూశాడు. దొరికిపోయానని తెలిసింది. చెవులు రెండూ ఎర్రబడ్డాయి. తల వంచుకుని పానా అందుకున్నాడు.

"వదిలావా?"

"వదల్లేదు."