మూడో అంతస్తు నుంచి పిలుపు

ఆ జిల్లా కోర్టు మూడు గూళ్లు మారింది. మొదటిది ధాన్యం కొట్టు. బస్తాలు బయటికి లాగించి, ఒక బల్లా రెండు కుర్చీలూ వేసి తీర్పులు చెప్పారు. ఎలుకలు కాగితాలు కొరికేస్తే రెండు కేసులు మళ్లీ మొదటినుంచి నడిపారట. రెండోది రాతి భవనం. నాలుగు వైపులా వరండా, నిలువెత్తు తలుపులు, హాలు ముందు మెట్లు, ఆ మెట్ల మీదికి వంపు తిరిగిన కప్పు. ఆ వంపు ఎందుకు పెట్టారో ఎవరూ రాసిపెట్టలేదు. దాని కింద నిలబడి బంట్రోతు కేకేస్తే మాత్రం, రోడ్డవతల టీ తాగుతున్న కక్షిదారు గ్లాసు అక్కడే పెట్టేసి పరుగున వచ్చేవాడు.

ఆ బంట్రోతుది కంచుకంఠం. అందుకే అందరికీ కంచు బాబాయి. ఇరవై తొమ్మిదేళ్లు అక్కడే నిలబడి పేర్లు పిలిచాడు. తండ్రి పేరుతో కలిపి మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుకీ రాకపోతే 'పిలిచాను, రాలేదు' అని పుస్తకంలో సంతకం చేయాలి. ఆ సంతకం చూసి కేసు కొట్టేస్తారు. అన్నేళ్లలో అలా పోయిన కేసులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. తీర్పు జడ్జిగారిదైనా మనుషుల్ని రప్పించేది తన గొంతేనని ఇంట్లో గొప్పలు పోయేవాడు. అయితే బజారునుంచి కూరగాయలు కూడా ఆ గొంతుతోనే రప్పించమనేది భార్య.

మూడోది కొత్త భవనం. మూడంతస్తులు, బయటంతా అద్దాలు. కోర్టు హాలు పై అంతస్తులో, జనం కూర్చునే షెడ్డు కింద, వెనక వైపు. ప్లాను గీసిన పెద్దమనిషి వెలుతురు గురించి ఆలోచించాడు, కార్లు ఎక్కడ నిలపాలో కూడా ఆలోచించాడు. పిలుపు సంగతే ఆయనకి తట్టలేదు. మైకు కావాలని పెట్టిన కాగితం ఆఫీసులన్నీ నింపాదిగా చూసొస్తోంది. లాయర్లు వెంటబెట్టుకొచ్చినవాళ్లు పైనే ఉండేవారు. ఎటు పోవాలో తెలియని ముసలీముతకా పిలుస్తారు కదా అని షెడ్డులోనే కూర్చునేవారు.

మొదటి నెలలోనే తొమ్మిదిమంది రాలేదు. "బాబాయ్, గొంతు కాస్త తగ్గినట్టుందే" అన్నాడు బెంచి గుమస్తా, నవ్వుతాలుకి. ఆ మాట బాబాయికి ముల్లులా గుచ్చుకుంది. ఉద్యోగం ఇంకా పద్దెనిమిది నెలలుంది. గొంతు పోయిన బంట్రోతుని ఎవరు ఉంచుకుంటారు? ఉప్పునీళ్లు పుక్కిలించాడు, చల్లనివి మానేశాడు, ఎవరితోనూ ఏమీ అనలేదు. రానివాళ్ల పేర్ల ఎదురుగా తలవంచుకుని సంతకాలు పెడుతూ పోయాడు. ఏడు నెలలు అలా గడిచాయి.

ఉప్పు డబ్బా ఊరికే ఖాళీ అవుతోందేమిటని ఆరాతీసి, అసలు సంగతి రాబట్టింది భార్య. ఏడుస్తూ కూర్చుంటే తేలదంది. సెలవు రోజున పాత భవనం దగ్గరికి తీసుకెళ్లి, తను రోడ్డు దాటి టీకొట్టు పక్కన నిలబడి, పిలవమంది. పెళ్లయిన ముప్ఫై రెండేళ్లలో ఆవిడని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు బాబాయి. ఎలా పిలవాలో తెలియక, చివరికి కోర్టు పద్ధతిలోనే, మామగారి పేరు కూడా కలిపి కేకేశాడు. ఆవిడ మొదటి పిలుపుకే వచ్చేసింది. టీ తాగేవాళ్లంతా తలలు తిప్పి చూశారు.

మర్నాడు ఆవిడ చిక్కుళ్లు వెంట తెచ్చుకుని కొత్త భవనం షెడ్డులో కూర్చుంది. భోజనాల వేళ బాబాయి దిగొచ్చేసరికి చిక్కుళ్లన్నీ ఒలవడం అయిపోయింది.

"పిలుస్తానన్నారు, మర్చిపోయారా?" అంది.

"ఆరుసార్లు పిలిచాను" అన్నాడు బాబాయి.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గొంతు బాగానే ఉందని తెలిసినందుకు బాబాయికి సంతోషం కలగలేదు. భయం వేసింది. ఆ మధ్యాహ్నమే జడ్జిగారి గదికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. జడ్జిగారు గుమస్తాచేత పుస్తకం తెప్పించి లెక్క తీయించారు. ముప్ఫై ఏడు కేసులు.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు.

"నా గొంతే పోయిందనుకున్నానండి. చెబితే ఇంటికి పంపేస్తారని భయపడ్డాను."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదనిపించింది బాబాయికి. ఇకనుంచి షెడ్డులోకి దిగి పిలవమన్నారు. కేసులు పోయినవాళ్లు అర్జీ పెట్టుకుంటే మళ్లీ తెరుస్తామన్నారు. ఆ సంగతి నోటీసు బోర్డుకి అంటించారు. బోర్డు ఉన్నది మూడో అంతస్తులోనే.

ఇది అయ్యే పని కాదనుకుని బాబాయి పేర్లన్నీ తనే రాసుకున్నాడు. ఆదివారం సైకిలు తీసి మొదటి ఊరికి బయల్దేరాడు. అక్కడ పొలం గట్టు తగాదాలో కేసు పోగొట్టుకున్న ముసలాయన ఇంటి ముందు కూర్చుని తాడు పేనుతున్నాడు. బాబాయి నిలబడే అంతా చెప్పాడు. తప్పు తనదేనన్నాడు, ఏడు నెలల కిందటే చెప్పాల్సిందన్నాడు. ముసలాయన పేనడం ఆపి విన్నాడు.

"ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా షెడ్డులోనే ఉన్నా బాబూ" అన్నాడు. "మూడుసార్లు పిలిచారన్నారు. నాకు చెవుడొచ్చిందనుకున్నా. సిగ్గేసి ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు."