కవర్ తొడిగిన సెన్సర్

మా ల్యాబ్‌లో తయారైన సెన్సర్‌ను ఢిల్లీ మయూర్ విహార్‌లోని మా అపార్ట్‌మెంట్ల సొసైటీ గేటు దగ్గర నేనే పెట్టించాను. దాని లోపల వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని కార్బన్ గొట్టాలుంటాయి. బండ్ల పొగలోని విషవాయువు తగలగానే వాటిలో పారే కరెంటు మారి, పైనున్న దీపం ఎర్రబడుతుంది; గాలి బాగుంటే ఆకుపచ్చగా వెలుగుతుంది. మొదటిరోజే ఎర్రబడింది. దీపావళి వెళ్లిన వారం ఢిల్లీలో ఇంకే రంగు వస్తుంది?

వారం తిరక్కుండానే దీపం ఆకుపచ్చగా మారింది. అనుమానమొచ్చి దగ్గరికెళ్లి చూస్తే, సెన్సర్‌కు పాలిథిన్ కవర్ తొడిగి చుట్టూ టేపు వేసి ఉంది. అది మా సెక్రటరీ అంకుల్ పని. ఆయనా మా గుంటూరు వారే. ఆయనింట్లో టీవీ రిమోట్‌కీ కారు సీట్లకీ కొన్ననాటి కవర్లు ఇంకా ఊడలేదు.

“గాలి తగలకపోతే అదెలా పనిచేస్తుంది అంకుల్?” అన్నాను.

“దుమ్ము పట్టి పాడైపోదా అమ్మా? కవర్ వేశాకే ఠీక్‌గా పనిచేస్తోంది. అంతకుముందు ఎప్పుడు చూసినా ఎరుపే.”

ఈయన రిటైరైన ఇంజనీరు. ఈయన్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్న వాళ్లూ డిగ్రీలున్న వాళ్లే.

ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పచ్చ దీపం ఫొటో వచ్చింది. మన సొసైటీ గాలి స్వచ్ఛమని కింద రాశారు. చప్పట్ల బొమ్మలు బారులు తీరాయి. ఫొటోలో దీపం పక్కన అంకుల్ బొటనవేలు పైకెత్తి నిలబడ్డారు, ముక్కుకు మాస్కు మీద మాస్కు వేసుకుని.