పేషెంట్ ప్లేటు

శామీర్‌పేట రోడ్డు మీది మటన్ బిర్యానీ హోటల్లో వడ్డించే చాచా నన్ను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. మా ఆఫీసు వాళ్లతో మొదటిసారి వెళ్లినప్పుడు, మాంసమే కాదు, పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టనని చెప్పాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి నా పక్కనే కూర్చున్నాడు.

"గింత చిన్న వయసుల ఏం బీమారి బేటా? డాక్టర్ ఏమన్నడు?"

రోగం కాదు, జంతువుల నుంచి వచ్చేదేదీ తిననని మొత్తుకున్నాను. దాచుకుంటున్నాననుకున్నాడు పాపం. వంటింటి వైపు తిరిగి "పేషెంట్ ప్లేట్ ఒకటి!" అని కేకేశాడు. హోటలంతా నన్నే చూసింది. తెల్లన్నం, పచ్చిపులుసు వచ్చాయి.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం అదే కేక. ప్లేటు పెట్టి, నాడి చూస్తున్నట్టు నా మణికట్టు పట్టుకుని "జర నయమైందా?" అనేవాడు. మా వాళ్లు ముక్కలు నములుతూనే పకపకా నవ్వేవారు. ఇంకో హోటల్ చూసుకుందామని ఎన్నిసార్లు అనుకున్నానో! ఆ పచ్చిపులుసు పోనిచ్చేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఒక్కడినే వెళ్లాను. చాచా మూల బల్ల దగ్గర అన్నం తింటున్నాడు. తెల్లన్నం, పచ్చిపులుసు.

"బిర్యానీ తినవా చాచా?"

"పొద్దుందాక గా వాసనే పీలుస్త బేటా. ఇగ ముద్ద దిగదు. నా కోసమని రోజూ గిదే చేసుకుంట."

ఇన్నాళ్లూ నేను తిన్నది ఆయన వాటాలోంచే అన్నమాట. ఎదురుగా కూర్చుని ఆయన ఎడమ మణికట్టు పట్టుకున్నాను.

"ఎన్నాళ్ల నుంచి చాచా ఈ బీమారి?"

చాచా నవ్వలేదు. వంటింటి వైపు తిరిగి కేకేశాడు.

"పేషెంట్ ప్లేట్ ఇంకొకటి!"